గన్ సేఫ్ కొనాలి: మందమైన రేకా, ఫైర్ రేటింగా, ఫింగర్ ప్రింటా?

పదోరింగ్:

అందరికీ నమస్తే. గన్ సేఫ్ కొందామని వారం నుంచి కనిపించిన ప్రతి రివ్యూ చదివాను. చదివేకొద్దీ అయోమయం పెరిగిందే తప్ప తగ్గలేదు. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మా ఇంట్లో ఉన్నవి మూడు. నేను టార్గెట్ షూటింగ్‌కి వాడే పాయింట్ టూటూ బోల్ట్ యాక్షన్ రైఫిల్, దాని మీద స్కోప్. మామయ్యగారి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్. ఆయనదే ఒక రివాల్వర్. మూడింటికీ లైసెన్సులున్నాయి. ఇన్నాళ్లూ అన్నీ మామయ్యగారి బట్టల బీరువాలోనే ఉండేవి, తాళంచెవి ఆయన దిండు కింద. మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. బీరువా పైఅరలో ఏముందో చూడాలని వాడికి ఈమధ్య మహా కుతూహలంగా ఉంది. అక్కడి నుంచి నాకు టెన్షన్ మొదలైంది.

చివరికి రెండు మోడళ్లు మిగిలాయి. మొదటిది 1.5 మిల్లీమీటర్ల రేకు క్యాబినెట్, 35 కిలోలు, ఫింగర్ ప్రింట్ తాళం, “10 తుపాకులు పడతాయి” అని రాశారు. రెండోది ఒళ్లంతా 3 మిల్లీమీటర్ల స్టీలు, 180 కిలోలు, ఆర్ఎస్‌సీ లేబుల్, 60 నిమిషాల ఫైర్ రేటింగ్, తాళం డయల్ కావాలంటే డయల్, కీప్యాడ్ కావాలంటే కీప్యాడ్. ధర దాదాపు మూడింతలు.

మా ఆయనేమో “దొంగ తలుచుకుంటే ఏదైనా పగలగొడతాడు, చిన్నది చాలు” అంటారు. మామయ్యగారేమో రివాల్వర్ మాత్రం చేతికి అందేట్టు ఉండాలంటారు. మేముండేది పై అంతస్తులో. అంత బరువు పెట్టొచ్చా? ఫైర్ రేటింగ్‌కి డబ్బు పెట్టడం దండగా? అసలు దేన్ని చూసి కొనాలి?


డయల్‌మాస్టర్:

సేఫ్‌లు బిగించడం, బాగుచేయడం, తాళం పోయినప్పుడు తెరిచిపెట్టడం నా వృత్తి అమ్మా. ఏ రకం ఎంతలో లొంగుతుందో చేతులకు అలవాటైపోయింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీవారి మాట నిజమే. టైమూ పనిముట్లూ ఉంటే తెరుచుకోని సేఫ్ లేదు. అందుకే పరీక్షలు కూడా నిమిషాల్లోనే లెక్క చెప్తాయి. ఆర్ఎస్‌సీ (రెసిడెన్షియల్ సెక్యూరిటీ కంటైనర్) అన్నది యూఎల్ అనే అమెరికా పరీక్షా సంస్థ 1037 ప్రమాణం కింద ఇచ్చే లేబుల్. మొదటి స్థాయి పరీక్షలో ఒక మనిషి సుత్తి, స్క్రూడ్రైవర్, పొట్టి ప్రై బార్ (సందులో దూర్చి పెకిలించే ఇనుప కడ్డీ) లాంటి చేతి పనిముట్లతో 5 నిమిషాలు సేఫ్ మీద పడతాడు. పనిముట్టు సేఫ్‌ని తాకుతున్నంతసేపే ఆ 5 నిమిషాల లెక్క, చెయ్యి దించి ఊపిరి తీసుకుంటే గడియారం ఆపేస్తారు. వినడానికి తక్కువే. కానీ ఎవరు వస్తారో అని చెవులు రిక్కించుకుని, ప్రతి దెబ్బకీ ఇల్లు దద్దరిల్లుతుంటే పనిచేసేవాడికి అది చాలా పెద్ద సమయం. దీనికి పైన టీఎల్-15 అని ఉంది, అందులో కరెంటు పనిముట్లు కూడా వాడనిస్తారు, తలుపు 15 నిమిషాలు ఆగాలి. ఆ తరగతి సేఫ్‌ల బరువు చూస్తే మీరే వద్దంటారు. యూరప్ లెక్కలో అయితే ఈఎన్ 14450 కింద ఎస్1, ఎస్2 అని రాస్తారు, దాని పైతరగతి ఈఎన్ 1143-1. ఇలాంటిదేదీ లేకుండా ఒట్టి “హెవీ డ్యూటీ” అని ఉంటే అది స్టిక్కరు, అంతే.

ఇక షోరూములో అందరూ చూసేది తలుపు. తలుపు లావుగా కనబడుతుంది, చుట్టూ వేలెడంత బోల్టులు మెరుస్తుంటాయి, హ్యాండిల్ తిప్పితే టకటకమని బయటికొస్తాయి. నేనైతే ముందు పక్కగోడ మీద బొటనవేలితో నొక్కి చూస్తాను. డబ్బాలో బలహీనం అదే. తలుపు లావులో చాలావరకు లోపల ఫైర్ బోర్డు ఉంటుంది, దాని ముందు రేకు 3 మిల్లీమీటర్లే కావచ్చు. “స్టీలు మందం ఎంత” అని విడిగా అడగండి, తలుపుకెంత, ఒంటికెంత అని కూడా అడగండి. గేజ్‌లో చెప్తే అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని గుర్తుంచుకోండి: 14 గేజ్ దాదాపు 1.9 మిల్లీమీటర్లు, 12 గేజ్ దాదాపు 2.7, 10 గేజ్ 3.4. మీ మొదటి క్యాబినెట్ 1.5, అంటే వీటన్నిటికన్నా పలచన. పొడుగాటి గడ్డపార తలుపు సందులో దూరితే ఆ రేకు వంగిపోతుంది, తాళం దాకా వెళ్లాల్సిన పనే లేదు. గ్రైండర్‌కైతే రెండోది కూడా ఎక్కువసేపు ఆగదు, అది ముందే తెలుసుకుని కొనుక్కోండి.

కానీ మీ అసలు భయం దొంగ కాదు కదా, బాబు. తొమ్మిదేళ్లవాడిని ఆపడానికి 1.5 రేకు కూడా చాలు, తాళం మంచిదైతే. చవక ఫింగర్ ప్రింట్ తాళాలతో నాకున్న గొడవ అక్కడే. వాటిలో కొన్నిటికి లోపల కరెంటుతో కదిలే ఒక చిన్న సోలినాయిడ్ పిన్ను తప్ప ఏమీ ఉండదు, గట్టి కుదుపుకే అది జారిపోతుంది. కొన్ని మోడళ్లయితే సెట్టింగ్ పూర్తయ్యేదాకా ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటాయి, కొన్నవాళ్లకి ఆ సంగతే తెలియదు. పైగా ప్లాస్టిక్ మూత వెనక ఒక ఎమర్జెన్సీ తాళంచెవి రంధ్రం, ఆ చెవి మళ్లీ ఎవరి దిండు కిందకో. మీ బీరువా కథే మళ్లీ మొదలు.

డయల్ చాలా ఏళ్లు వస్తుంది, బ్యాటరీ గోల లేదు. కానీ నిదానం, వెలుతురు కావాలి, ఒక గీత దాటితే మళ్లీ మొదటి నుంచి తిప్పాలి. కీప్యాడ్‌కి 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ, అది బయటి నుంచే మార్చుకునేట్టు ఉండాలి. వరసగా తప్పు నంబర్లు కొడితే కాసేపు మొరాయించేలా కూడా ఉండాలి. మీ ఇంటికి కీప్యాడే నా ఓటు. తాళం మీద కూడా విడిగా రేటింగ్ ఉంటుంది: డయల్‌కి యూఎల్ 768, ఎలక్ట్రానిక్‌కి యూఎల్ 2058. సార్జెంట్ అండ్ గ్రీన్‌లీఫ్, లా గార్డ్ లాంటి కంపెనీల తాళం ఉందంటే రేపు చెడిపోయినా తాళం ఒక్కటే మార్చుకోవచ్చు.

“10 తుపాకులు” అన్న మాటని సగానికి కొట్టేయండి. స్కోపులేని సన్నటి తుపాకుల్ని ఒకదానికొకటి ఆనించి లెక్కపెడతారు వాళ్లు. మీ రైఫిల్‌కి స్కోప్ ఉంది, తూటాని లోపలికి తోసి మూసే బోల్టు హ్యాండిల్ పక్కకు పొడుచుకొస్తుంది, అదొక్కటే రెండు గాళ్లు తింటుంది. లోపలి ఎత్తు టేపుతో కొలవండి, బయటి ఎత్తు చూసి మోసపోవద్దు. డబుల్ బ్యారెల్‌కి మాత్రం ఒక వెసులుబాటుంది: గొట్టాల కింది చెక్క ఊడదీస్తే గొట్టాలు, బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) విడివిడిగా వచ్చేస్తాయి, పొట్టి అరలో కూడా పడతాయి.

ఇక బిగింపు. నన్నడిగితే సేఫ్ కన్నా దాని కిందున్న నాలుగు బోల్టులు ముఖ్యం. బిగించని 180 కిలోల సేఫ్‌ని ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఉంటే తీసుకుపోతారు. తీసుకుపోకపోయినా వెల్లకిలా పడేస్తే గడ్డపార మీద ఒంటి బరువంతా వేసి నొక్కొచ్చు. నిలబెట్టి నేలకు బిగిస్తే ఆ బలం రాదు. గది మూలలో, హ్యాండిల్ ఉన్న వైపు గోడకు దగ్గరగా పెట్టించండి, గడ్డపార తిప్పడానికి చోటు దొరక్కూడదు. బందులు బయటికి కనబడుతున్నాయని కంగారు పడనక్కర్లేదు. మంచి సేఫ్‌లో బందుల వైపు కూడా తలుపుకి లోపల కడ్డీలుంటాయి, బందులు కోసినా తలుపు ఊడదు.


నూనెగుడ్డ:

డయల్‌మాస్టర్ గారు చెప్పాక దొంగల సంగతి నేను మాట్లాడను. నేను చెప్పేది తుప్పు సంగతి. దొంగ రావచ్చు, రాకపోవచ్చు. తేమ మాత్రం వచ్చే తీరుతుంది.

ఫైర్ రేటింగ్ ఉన్న సేఫ్‌లలో ఎక్కువ భాగానికి లోపల జిప్సమ్ బోర్డు వేస్తారు. జిప్సమ్ బరువులో దాదాపు ఐదో వంతు నీరే, స్ఫటికంలో కట్టుబడి ఉంటుంది. మంటల్లో వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై వేడిని లాగేసుకుంటుంది, లోపల చల్లగా ఉండేది దానివల్లే. తలుపు అంచున అంటించిన సన్నటి సీలు వేడికి ఉబ్బి సందులు మూసేస్తుంది. కాగితాలకు పెట్టుకున్న హద్దు లోపల 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని, ఆ పైన కాగితం మాడుతుంది. పెన్‌డ్రైవ్‌లు, ఫొటో నెగెటివ్‌లు అంత వేడికి ముందే పోతాయి. “60 నిమిషాలు” అని రాసినచోట ఎన్ని డిగ్రీల కొలిమిలో, ఎవరి పరీక్ష అని కూడా రాసి ఉందా చూడండి. కంపెనీ తన సొంత పరీక్ష అని చెప్తే నేను పెద్దగా పట్టించుకోను. ఇంకో సంగతి, మంట ఆరాక సేఫ్ లోపలంతా ఆవిరే. చల్లారనిచ్చి వీలైనంత త్వరగా తీసి తుడవకపోతే కాలని తుపాకీ తుప్పుకి పోతుంది.

మీ ఇంటి పత్రాలు కూడా అందులోనే పెట్టాలనుకుంటే ఫైర్ రేటింగ్‌కి డబ్బు పెట్టొచ్చు. తుపాకులకే అయితే అదే డబ్బుతో మందమైన స్టీలు తీసుకోమంటాను.

మామూలు రోజుల్లో లోపలి తేమ 50 శాతానికి మించకుండా చూసుకోండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పడేస్తే తెలుస్తుంది. సిలికా జెల్ అయితే నారింజ రంగుది కొనండి, తేమ తాగాక ఆకుపచ్చకు తిరుగుతుంది. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది వద్దు. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. కరెంటు రాడ్ కూడా దొరుకుతుంది. అది నీటిని పీల్చదు, లోపలి గాలిని కొంచెం వెచ్చగా ఉంచుతుంది, దాంతో ఇనుము మీద చెమ్మ పట్టదు. రాడ్ పెట్టాలంటే వెనక వైరు పోయే రంధ్రం ఉందా అని కొనేముందే చూసుకోవాలి.

తుపాకీని తోలు సంచిలోనో స్పాంజి పెట్టెలోనో ఉంచి సేఫ్‌లో పెట్టేవాళ్లని చూస్తుంటాను. ప్రాణం ఉసూరుమంటుంది. తోలు పదునుపెట్టడానికి వాడిన ఉప్పులు, స్పాంజి పట్టుకున్న తేమ రెండూ ఇనుముకి శత్రువులే. తుడిచి, పల్చగా నూనె రాసి, ఉత్తగా నిలబెట్టండి. చేతి చెమటతో ముట్టుకున్న చోట వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది, ఫింగర్ ప్రింట్ అంటే నాకు అదే గుర్తొస్తుంది.


పదోరింగ్:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రెండోదే తీసుకుందామని దాదాపు తేల్చుకున్నాం. పక్కరేకు నొక్కి చూసే పని మా ఆయనకి అప్పజెప్పాను, షోరూములో మేనేజరు ముఖం అదోలా పెట్టాడట.

ఇంకా మూడు సందేహాలు. ఒకటి, పై అంతస్తు బరువు సంగతి. రెండు, సేఫ్ వచ్చేలోపు ఏం చెయ్యాలి? డెలివరీకి ఇంకా టైముంది. మూడోది మామయ్యగారు. “తూటాలు నింపి తలగడ దగ్గర లేకపోతే అది ఇనపముక్కే” అంటున్నారు. ఎదురు చెప్పలేను, ఊరుకోనూలేను.


నైట్‌డ్యూటీ:

పదోరింగ్ గారూ, నేను ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుని. తుపాకుల గురించి నాకు తెలిసింది తక్కువే, మీ మూడో ప్రశ్న ఒక్కదానికే జవాబు చెప్తాను.

2006లో అమెరికాలోని అలబామాలో ఒక పరిశోధన చేశారు. తుపాకీ ఎక్కడ దాచామో మా పిల్లలకి తెలియదు అన్న తల్లిదండ్రుల్ని, వాళ్ల పిల్లల్ని విడివిడిగా అడిగారు. అలా చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది విషయంలో పిల్లలు మాకు తెలుసు అన్నారు. ఎప్పుడూ ముట్టుకోలేదు అని చెప్పిన పెద్దల్లో 22 శాతం మంది మాటని కూడా వాళ్ల పిల్లలే కాదన్నారు. మీ బాబు బీరువా పైఅర అడుగుతున్నాడంటే వాడికి ఎంతో కొంత తెలిసే అడుగుతున్నాడని అనుకోండి.

2005లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనంలో నాలుగు అలవాట్లు చూశారు: తుపాకీకి తాళం, తుపాకీ ఖాళీగా ఉంచడం, తూటాలకి తాళం, రెండూ వేర్వేరు చోట్ల. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా ఆ ఇళ్లలో పిల్లలు, టీనేజర్లు గాయపడటం, ఆత్మహత్యకు పాల్పడటం తక్కువగా కనబడింది. ఆత్మహత్య అన్న ఆ రెండో మాట కావాలనే రాశాను. మనం చిన్నపిల్లల గురించే ఆలోచిస్తాం. కానీ బాబుకి పదహారేళ్లు వచ్చేసరికీ అదే సేఫ్ అక్కడే ఉంటుంది. మనసు బాగాలేని రోజున ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఆ తలుపు అడ్డం పడాలి. తీవ్రమైన ఆలోచన చాలామందిలో కాసేపట్లో తగ్గుతుంది, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోవడం ప్రాణం నిలబెడుతుంది. అలాంటి రోజు వస్తే కోడ్ మార్చండి, లేదా కొన్నాళ్లు చట్టప్రకారం వేరేచోట డిపాజిట్ చేయండి.

మామయ్యగారితో మీరు వాదించకండి. బాబు అడిగిన మాటలు ఆయన ముందు బాబుతోనే చెప్పించండి. మనవడి నోటి నుంచి వింటే వేరుగా ఉంటుంది.


డయల్‌మాస్టర్:

నైట్‌డ్యూటీ గారు చెప్పినదాని మీద నేను చెప్పేదేమీ లేదు. రివాల్వర్‌కి విడిగా చిన్న కీప్యాడ్ పెట్టె కొనివ్వండి, ఆయన గదిలోనే, ఖాళీ రివాల్వర్‌తో. పెట్టెని లోపలి నుంచి మంచం సొరుగుకో గోడకో బోల్టు చేయండి. బిగించని చిన్న పెట్టెని దొంగ చంకలో పెట్టుకుని పోతాడు, తీరిగ్గా ఇంటి దగ్గర తెరుస్తాడు. తూటాలు పెద్ద సేఫ్‌లో పై అరకి విడిగా తాళముంటే అందులో, లేకపోతే ఇంకో తాళం పెట్టెలో. పెద్దాయనకి ఫింగర్ ప్రింట్ పెట్టించొద్దు. వయసు మీదపడిన వేళ్లని, పొడి చర్మాన్ని సెన్సార్లు సరిగా చదవవు. బొత్తాలు పెద్దగా, తడిమితే తెలిసేట్టు ఉన్నది చూడండి.

సేఫ్ వచ్చేదాకా: రైఫిల్ బోల్టు బయటికి లాగేసి వేరే చోట తాళం వేయండి, బోల్టు లేని రైఫిల్ పేలదు. డబుల్ బ్యారెల్ విడదీసి గొట్టాలు ఒకచోట, బట్టు ఇంకోచోట. రివాల్వర్ సిలిండర్ తెరిచి, ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, అందులోంచి కేబుల్ తాళం దూర్చండి. ఇదంతా సేఫ్ వచ్చాక కూడా అలవాటుగా ఉంటే మంచిదే. మంటల్లో విడిగా ఉన్న తూటా పగులుతుంది కానీ బుల్లెట్ బలంగా దూసుకుపోదు. గొట్టంలో ఉన్న తూటా మాత్రం మామూలుగానే పేలుతుంది, ఫైర్ సిబ్బందికి ప్రమాదం. అందుకే లోపల పెట్టేది ఎప్పుడూ ఖాళీ తుపాకీయే.

బరువు సంగతి. ఇళ్ల నేలని సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వరకు ఆగేట్టు లెక్కగడతారు. 180 కిలోల సేఫ్ పావు చదరపు మీటరు మీద కూర్చుంటుంది కాబట్టి ఆ అంకెతో నేరుగా పోల్చి భయపడకండి, నేల మొత్తం మీద ఆ బరువు పంచుకుంటుంది. అయినా గది నడిమధ్య వద్దు, కిందినుంచి గోడ లేచిన చోటో దూలం ఉన్న వైపో మూలకి పెట్టండి. అనుమానముంటే ఇల్లు కట్టిన ఇంజినీరుని ఒక మాట అడగండి. శ్లాబుకి రంధ్రాలు వేసేముందు కూడా అడగాల్సిందే. పోస్ట్ టెన్షన్ శ్లాబు అయితే లోపల బిగువు మీదున్న కేబుళ్లుంటాయి, స్కాన్ చేయకుండా డ్రిల్ పెట్టకూడదు. కరెంటు పైపులు, నీళ్ల పైపులు సరేసరి. సేఫ్‌కీ నేలకీ మధ్య పల్చటి రబ్బరు షీటు వేస్తే కాంక్రీటు చెమ్మ అడుగు రేకుని తినదు. మెట్ల మలుపు, గుమ్మం వెడల్పు కొలిచి డెలివరీవాళ్లకి ముందే చెప్పండి, సగం మెట్ల మీద ఆగిపోయిన సేఫ్‌లు నేను చాలా చూశాను.

ఒకటి మర్చిపోయాను, కోడ్. ఫ్యాక్టరీ కోడ్ పెట్టెతోపాటు కాగితం మీద వస్తుంది. బిగించిన రోజే మార్చేయండి. కంపెనీ దగ్గర ఇంకేదైనా మాస్టర్ కోడ్ ఉంటుందా, దాన్ని తీసేయించుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. పిల్లల పుట్టినరోజు, బండి నంబరు వద్దు, బాబు మొదట కొట్టేవి అవే. కొత్త కోడ్ పెట్టాక తలుపు తెరిచే ఉంచి, హ్యాండిల్ తిప్పి బోల్టులు బయటికి తెచ్చి తాళం పడనిచ్చి, కోడ్ కొట్టి వెనక్కి లాగండి. అలా మూడు నాలుగుసార్లు వరసగా పనిచేశాకే తలుపు మూయండి. ఈ పని తలుపు మూసి చేసినవాళ్లే ఎక్కువగా నాకు ఫోన్ చేస్తుంటారు.


పదోరింగ్:

సొరుగు పెట్టెకి మామయ్యగారు ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు, కోడ్ ఆయనే పెట్టుకుంటారట, నాకు చెప్పరట. తూటాల తాళం నా దగ్గరుంటుంది కాబట్టి నేను సరేనన్నాను. రైఫిల్ బోల్టు నిన్న రాత్రే తీసేశాను. ఇంజినీరు ఆదివారం వస్తానన్నారు.